సముద్రం ముందు మేకప్ నిలవదు!

సినిమాలో హీరోగారికి సముద్రపు ఒడ్డున ఒక ఇల్లుంటుంది. మీరూ చూశారు. మొదటి వారంలోనే నాలుగు ఆటలు చూసినవాళ్లు మరీ బాగా చూశారు! నాయిక పోట్లాడి కారెక్కి వెళ్లిపోతూంటే, ఆ ఇంటి మేడమీద నుంచి హీరో దిగాలుగా చూస్తూ నిలబడతాడు. వెనకాల నల్లటేకులాంటి గోడ. ముందు నీలం సముద్రం. ఆ సమయంలో హాల్లో సగంమంది కళ్లు నాయిక మీదుంటాయి. మిగతా సగంమంది కళ్లు... నిజం చెప్పండి... ఆ ఇంటి మీదుంటాయి. “ఉంటే ఇలాంటి ఇల్లుండాలిరా!” అని పక్కవాడి చెవిలో అనకుండా బయటికొచ్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ వారం ఆ గోడ గురించే చెప్పుకుందాం. హీరో గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పాపం, గోడని పట్టించుకునే నాథుడే లేడు!

మొన్నామధ్య ఒక ఔట్‌డోర్ షూటింగుకి వెళ్లాను. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారి. రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా కొత్తగా కట్టిన ఇల్లు. ఎవరిదని అడక్కండి, ఇంటివారు చెప్పొద్దన్నారు. చిత్రం పేరూ అడక్కండి, చెబితే నిర్మాతగారు ఈసారి వెళ్లినప్పుడు నాకు కాఫీ ఇప్పించరు. అన్నట్టు ఈ తీరం సినిమాకి కొత్తేమీ కాదు. 1978లో బాలచందర్ గారు ‘మరోచరిత్ర’ తీసింది ఇక్కడేగా! ఆ చిత్రం చూసొచ్చి సముద్రంలో ఏడుపు కలిపిన కుర్రాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. సముద్రం మాత్రం అదే వయసులో ఉంది.

లైటింగు సర్దుతున్నారు. కాలక్షేపానికి ఆ ఇంటి గోడ దగ్గరికెళ్లి చేత్తో రాశాను. చూస్తే టేకు. గీతలు, చారలు, కణుపులు అన్నీ ఉన్నాయి. ముట్టుకుంటే మటుకు చల్లగా, రాయిలా గట్టిగా ఉంది. గోటితో గీరాను. గీత పడలేదు.

“ఏటి బాబూ గీరతన్నారు? అది కర్ర కాదు” అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన. సెట్లు వేసే వడ్రంగి మేస్త్రీ. భుజాన టేపు, చెవిలో పెన్సిలు.

“మరేమిటి మేస్త్రీ? రాయా?”

“కాయితం!”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“నిజంగానండి. కాయితం మీద కాయితం, కాయితం మీద కాయితం... జిగురులో ముంచి, వేడి మీద నొక్కేస్తారు. మనం మంచాలకీ బల్లలకీ అతికించే సన్‌మైకా లేదూ? దాని పెద్దన్నయ్య ఇది.”

తర్వాత ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బేకలైట్ కనిపెట్టాడు. మన తాతలనాటి నల్ల స్విచ్చులు, నల్ల టెలిఫోన్లు దాని చలవే. 1912 ప్రాంతంలో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు అదే జిగురు జాతి సరుకుతో గుడ్డనీ కాగితాన్నీ పొరలుగా కలిపి నొక్కి, కరెంటు పనుల్లో వాడే అభ్రకానికి బదులు సరుకు తయారుచేశారు. అభ్రకాన్ని ఇంగ్లీషులో మైకా అంటారు. మైకాకి బదులు కాబట్టి దానికి ‘ఫార్మికా’ అని పేరు పెట్టారు. చూశారా, మన డైనింగు టేబులు ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో!

గోడలకు వేసేది అందులో మందపురకం. ఆరు మిల్లీమీటర్ల నుంచి పైకి. కాగితాలను ఫినాలిక్ రెజిన్‌లో తడిపి, దాదాపు నూటయాభై డిగ్రీల వేడిలో, పెద్ద ప్రెస్సు కింద నొక్కుతారు. పైపొర మీద ఎండకు రంగు వెలవకుండా ఒక రక్షణ పూత. బరువులో సగానికి పైగా కాగితపు నారే అయినా, దీన్ని చెద ముట్టదు. నీళ్లలో నానిపోదు. ఉప్పుగాలికి తుప్పు పట్టదు. పట్టడానికి అందులో ఇనుమేదీ?

దీనికి చుట్టాలు కూడా ఉన్నారు. సిమెంటులో నార కలిపి చేసే ఫైబర్ సిమెంటు పలక ఒకటి. 1900లో ఆస్ట్రియాలో హాట్షెక్ అనే ఆయన కనిపెట్టినప్పుడు అందులో ఆస్‌బెస్టాస్ వాడాడు. అది ఊపిరితిత్తులకు ముప్పని తేలాక, ఇప్పటి మంచి పలకల్లో చెట్టునార వాడుతున్నారు. రాతిపొడినీ ఖనిజాలనీ 1200 డిగ్రీల వేడిలో కాల్చి తీసే సింటర్డ్ స్టోన్ పలక ఇంకొకటి. ఇది మన కుమ్మరి ఆవానికి మునిమనవడు అనుకోండి. మూడోది ఏసీపీ. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఒక పొర పెట్టిన షీటు. బజార్లో షోరూముల మీద తళతళలాడేది అదే.

ఇంతవరకూ బాగానే ఉంది. “అయితే ఇంటికి ఇదే వేయించుకోవచ్చన్నమాట” అన్నాను మేస్త్రీతో.

ఆయన గోడకేసి కాదు, గోడ అంచుకేసి చూపించాడు. “పలక సంగతి ఎవడైనా సెప్తాడు బాబూ. లోపల మేకు సంగతి అడగండి. సెట్టంటే మూడ్రోజుల పెళ్లికూతురు. లైటు ఎలిగినంతసేపే అందం. ఇల్లంటే ముప్పయ్యేళ్ల కాపురం.”

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే...

* * *

ఎందుకంటే మా మేనమామ ఇల్లు అక్కడికి మూడు మైళ్లలోనే ఉంది.

మావయ్య రిటైరయ్యేముందు పొదుపంతా పోసి సముద్రానికి ఎదురుగా రెండంతస్తుల ఇల్లు కట్టాడు. 2013లో దానికి ‘మోడ్రన్ లుక్కు’ రావాలని ముందరి గోడకంతా వెండిరంగు ఏసీపీ షీట్లు వేయించాడు. బంధువులందరం వెళ్లి దాని ముందు నిలబడి ఫోటోలు దిగాం. నేనైతే నల్లకళ్లద్దాలు కూడా పెట్టుకున్నాను. ఆ ఫోటో ఇప్పుడెవరైనా చూపిస్తే వాళ్లతో మాట్లాడను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీద తీరం దాటింది. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. విమానాశ్రయం పైకప్పే చెదిరిపోయింది. మా మావయ్య ఇంటి షీట్లు ఒక్కటొక్కటే ఊడి పేకముక్కల్లా లేచాయి. అందులో ఒకటి వచ్చి గేటు పక్కన పడింది. మా మావయ్య కూతురు రోజూ సైకిలు పెట్టే చోటది. సైకిలు వంగి ముద్దయింది. పిల్ల ఆ టైముకి లోపలిగదిలో అమ్మ ఒడిలో తల దాచుకుని ఉంది కాబట్టి సరిపోయింది. పదిహేనేళ్ల పిల్ల! ఆదివారం కాకుండా, తుపాను హెచ్చరిక లేకుండా, మామూలుగా గాలి వీచిన ఏ సోమవారం పొద్దున్నో ఆ షీటు ఊడి ఉంటే? ఆ ప్రశ్న అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు.

తుపాను తగ్గాక వెళ్లి చూశాం. ఊడిన షీట్లు చాలావరకు బాగానే ఉన్నాయి! విరిగింది షీటు కాదు. వెనక ఇనప గొట్టాల చట్రం తుప్పుపట్టి రాలుతోంది. స్క్రూలు చేత్తో పట్టుకుంటే నలిగిపోయాయి. ఏడాదిన్నర కూడా కాలేదు. పైన వెండి, లోపల తుప్పు. మన పరిశ్రమలో కొన్ని జీవితాల్లాగే... సరేలెండి, అది వేరే కాలమ్‌కు ఉంచుదాం.

లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. గంటకు నూటఎనభై కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు యాభై మీటర్లు. మన దేశపు ప్రమాణాల్లో విశాఖకు కట్టిన గాలి లెక్క కూడా సెకనుకు యాభై మీటర్లే. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు నూటయాభై కిలోల బరువుతో సమానం. ఎనిమిదడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు షీటుకి లెక్కేయండి. సుమారు 450 కిలోలు! అదీ నెట్టడమే కాదు. ఇంటి మూలల దగ్గర గాలి గోడను బయటికి పీలుస్తుంది, ఇంకా గట్టిగా. అంటే ఆరుగురు మనుషులు ఒక షీటు పట్టుకుని బయటికి వేలాడుతున్నట్టు. తుప్పుపట్టిన స్క్రూ వాళ్లను మోయాలి!

* * *

ఇది పాత కథ. కొత్త కథ ఈ ఏడాదిది.

ఆ సైకిలు పిల్ల పెద్దదైంది. ఉద్యోగం చేస్తోంది. పెళ్లి కుదిరింది. (వరసకు నాకు మరదలే. నిట్టూర్పులు విడవకండి, నా కాల్షీట్లు ఎప్పుడూ ఖాళీనే.) మావయ్య ఫోన్ చేశాడు.

“ఒరేయ్ అల్లుడూ, నువ్వు రాసిన ఆ షూటింగు ఇంటి ఫోటో చూశానురా. అలాంటి టేకు రంగు పలకలు మనింటికీ వేయించాలి. పెళ్లిలోగా అయిపోవాలి. మగపెళ్లివారు విడిది ముందు దిగగానే...”

“గోడ ఎలా ఉంది మావయ్యా?”

“గోడకేం? రెండు మూడు పగుళ్లున్నాయి. పలకలు వేశాక ఎవడిక్కనపడతాయిరా!”

నాకు మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయన ఇంటి నంబరు కనుక్కుని, బతిమాలి, ఒక ఆదివారం మావయ్య ఇంటికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. చిన్న సుత్తి తీసి గోడనీ, బాల్కనీ అడుగునీ అడుగడుగునా తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్... కొన్నిచోట్ల బొద్, బొద్. కొబ్బరికాయ ఏరుకునేవాడు తట్టినట్టు.

“ఇక్కడ డొల్ల. ఇక్కడా డొల్ల” అని సుద్దముక్కతో గుండ్రాలు గీశాడు. పదకొండు గుండ్రాలు లెక్కపెట్టాను.

సంగతేమిటంటే, సముద్రపుగాలిలోని ఉప్పు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుపకడ్డీని చేరుతుంది. కడ్డీ తుప్పుపడుతుంది. తుప్పు ఊరుకోదు, అసలు ఇనుముకు రెట్టింపుకు పైగా చోటు కావాలంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. పగులు కనపడేసరికి జబ్బు లోపల ముదిరిందన్నమాట. దానిమీద ఎంత ఖరీదైన పలక వేసినా, జ్వరం వచ్చిన నటుడికి మేకప్ దట్టించి కెమెరా ముందు నిలబెట్టినట్టే. ఒక షాటు నడుస్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి!

పైగా పలక వేస్తే చట్రాన్ని ఆ గోడకే బిగించాలి. డొల్లగోడలో దిగిన బోల్టు తుపానులో ఏం పట్టుకుంటుంది?

మావయ్యకు కోపం వచ్చింది. “అంటే ఏటంటావు? పెళ్లిలో పెచ్చులూడిన గోడ చూపించమంటావా?” అని అరిచాడు. మేస్త్రీ మీద కాదు, నామీద. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. పెళ్లిఖర్చు పోను మిగిలిన డబ్బు ఒక్కటే మూట. దాంతో గోడకి వైద్యమన్నా చేయించాలి, పలకలన్నా వేయించాలి. రెండూ పూర్తిగా రావు. ఆయన బాధ ఆయనది. పదేళ్లుగా ఆ బోసిగోడ చూసి నలుగురూ “తుపాను ఇల్లు” అంటున్నారు మరి.

అప్పుడు పెళ్లికూతురే అంది: “నాన్నా, నా సైకిలు గుర్తుందా?”

అంతే. ఇంకొక్క మాట అనలేదు. మావయ్య లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

* * *

అర్ధగంట తర్వాత తిరిగొచ్చి మేస్త్రీని, “సరే, మొదట్నుంచీ చెప్పు” అన్నాడు. ఆయన చెప్పినవీ, తర్వాత నేను ఇంజనీరు మిత్రుణ్ణి అడిగి రూఢి చేసుకున్నవీ మీకోసం రాస్తున్నాను. ఇవాళ మీకు ఇల్లు లేకపోవచ్చు. హాస్టల్లో మంచం కూడా సరిగా లేకపోవచ్చు! కానీ రేపు ఇంట్లో ఈ మాటొస్తే, “ఒక్క నిమిషం నాన్నా” అనగలగాలి.

ముందు గోడ. డొల్లకాంక్రీటు కొట్టేసి, కడ్డీని మెరిసేదాకా శుభ్రం చేసి, బాగా సన్నబడిన చోట కొత్త కడ్డీ కట్టి, తుప్పు ఆపే పూత పూసి, మరమ్మతు మోర్టారుతో పూడ్చాలి. ఇది ఫోటోలో కనపడదు. అందుకే ఎవరికీ మనసొప్పదు.

తర్వాత చట్రం. సముద్రం పక్కన మామూలు ఇనుము పనికిరాదు. అల్యూమినియం వాడతారు. అయితే అల్యూమినియానికి ఇనుము తగిలితే, ఉప్పుతడి మధ్యవర్తిగా చేరి రెండింటికీ చిన్న బ్యాటరీలా తగువు పెట్టి ఒకదాన్ని తినేస్తుంది. కాబట్టి రెండు లోహాలు కలిసేచోట మధ్యలో ప్లాస్టిక్ ముక్కో రబ్బరు ముక్కో ఉండాలి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. అందులోనూ కులభేదాలున్నాయి. మన వంటింటి గిన్నెల రకం 304. దానికి సముద్రగాలిలో టీ మరకల్లాంటి తుప్పు వస్తుంది. మాలిబ్డినం అనే లోహం రెండు మూడు శాతం కలిపినది 316. ఒడ్డున నిలిచేది ఇదే. “అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందండీ” అని షాపువాడు అంటాడు. నమ్మకండి, మామూలుగా రెండింటికీ అంటదు. బోల్టు తలమీద అచ్చు చూడండి. ఎ2 అని ఉంటే మొదటిది, ఎ4 అని ఉంటే రెండోది.

పలకను గోడకు అంటించేయకూడదు. మధ్యలో కనీసం అంగుళం ఖాళీ వదిలి, కిందా పైనా తెరిచి ఉంచాలి, పురుగులు దూరకుండా జాలీ పెట్టి. వాననీళ్లు సందులోంచి దూరినా వెనకాల జారి కిందికి పోతాయి. గాలి ఆడి తడి ఆరుతుంది. ఎండవేడి కూడా గోడకు సూటిగా తగలదు, గది కాస్త చల్లబడుతుంది.

పలక బతికున్న సరుకులాంటిది. తేమకీ ఎండకీ సాగుతుంది, ముడుచుకుంటుంది. కాగితపు పలక మీటరుకు రెండున్నర మిల్లీమీటర్లదాకా కదలొచ్చని లెక్క. పదడుగుల పలకకు ఏడెనిమిది మిల్లీమీటర్లు! అందుకే మధ్యలో ఒక్కచోట గట్టిగా బిగించి, మిగతా బెజ్జాలు స్క్రూకంటే పెద్దవిగా పెట్టాలి. పలకకీ పలకకీ మధ్య సందు వదలాలి. తెలియని పనివాడు అన్నీ బిగదీసి “గట్టిగా వేశానండి” అంటాడు. ఆర్నెల్లలో పలక ఉబ్బుతుంది.

ఇక నిప్పు. ఇది మటుకు మర్చిపోకండి. 2017 జూన్ 14 రాత్రి లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం తగలబడి 72 మంది చనిపోయారు. 1974లో కట్టిన ఆ పాత భవనానికి 2016లో పూర్తయిన కొత్త అలంకారంలో వాడినవి, మధ్యలో పాలిథిలీన్ పొర ఉన్న అల్యూమినియం షీట్లు. మంట ఆ షీట్లను పట్టుకుని గోడవెంట పైకి పాకింది. కాబట్టి ఏసీపీ అంటే “మధ్య పొర ఏమిటి?” అని అడగాలి. కాగితపు పలకలోనూ మంటను తట్టుకునే రకం వేరే ఉంది, కాగితం చూపించమనాలి. ఫైబర్ సిమెంటు, సింటర్డ్ స్టోన్ పలకలు మంటకు మేత కావు.

ఆఖరిది చాలా తేలిక, అందుకే ఎవరూ చేయరు. మంచినీళ్లతో కడగడం! విచిత్రమేమిటంటే, వానకు తడిసే గోడకంటే వాన తగలని చూరుకింద గోడే త్వరగా పాడవుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది, చూరుకింద ఉప్పు పేరుకుంటుంది. మూడు నెలలకోసారి ఒక పైపు పట్టుకుంటే చాలు.

* * *

ఇటలీలో కాప్రి ద్వీపంలో, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండపైన ఒక ఎర్రటి ఇల్లుంది. మలపార్తె అనే రచయిత కట్టించుకున్నాడు. 1963లో గొడార్ ‘కాంటెంప్ట్’ చిత్రంలో బ్రిజిట్ బార్డోని ఆ ఇంటి డాబా మీద ఎండలో పడుకోబెట్టాడు. ప్రపంచమంతా ఆ ఇంటిని ప్రేమించింది. కానీ రచయిత 1957లో పోయాక ఆ ఇల్లు ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక ఉప్పుగాలికి పాడయింది. ఎప్పటికో పూనుకుని బాగుచేశారు. అంత గొప్ప క్లోజప్ దక్కిన ఇంటినే సముద్రం లక్ష్యపెట్టలేదు. మన మావయ్య ఇంటిని లక్ష్యపెడుతుందా?

ఇంతకీ ఏమైందంటారా? గోడకి వైద్యం జరిగింది. పదకొండు గుండ్రాలు కాస్తా తవ్వేసరికి పదిహేడయ్యాయి. డబ్బు అక్కడే ముప్పాతిక అయిపోయింది. మిగిలినదాంతో మేడమీద ముందరి గోడ ఒక్కదానికే టేకు రంగు పలకలు వచ్చాయి. కింది గోడకు ఉత్త తెల్లరంగు. పెళ్లిపందిరి పడేసరికి కింది గోడ ఎలాగూ మామిడాకుల వెనక దాక్కుంది. మగపెళ్లివారు మేడకేసి చూసి, “టేకేనా అండీ?” అని అడిగారు.

“కాయితం!” అన్నాడు మావయ్య, మీసం సర్దుకుంటూ.

వాళ్లు నవ్వారు. మావయ్య నవ్వలేదు. జేబులోంచి ఒక స్క్రూ తీసి, దాని తలమీద ఎ4 అచ్చు చూపించడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు తండ్రి అరగంటదాకా తప్పించుకోలేకపోయాడు. పలకల ముందు నిలబడి మళ్లీ అందరం ఫోటో దిగాం. ఈసారి నేను నల్లకళ్లద్దాలు పెట్టుకోలేదు.

కనక పాఠకులారా, ఈసారి తెరమీద సముద్రపుటొడ్డు ఇల్లు కనపడితే తప్పకుండా “అబ్బ!” అనండి. అనాల్సిందే, డబ్బిచ్చి చూస్తున్నాం. ఆ తర్వాత పక్కవాడి చెవిలో మెల్లిగా అడగండి: “లోపల స్క్రూలు ఏ రకంరా?”

వాడు మిమ్మల్ని పిచ్చివాడనుకుంటే, ఇంటర్వెల్లో నా పేరు చెప్పండి. వచ్చేవారం కలుద్దాం!